మన తెలుగు ఏ స్టేషనులో దిగిపోయింది?



పోయిన నెల కమిటీ మీటింగులో జరిగిన సంగతి గురించి ఇద్దరు ముగ్గురు ఫోను చేసి అడిగినారు. "ఆ పిల్ల ప్రాజెక్టును మీరే చెడగొట్టినారంట కదా" అని ఒకరు, "మంచి పని చేసినారు" అని ఒకరు. రెండూ పూర్తి నిజం కాదు. అందుకని జరిగింది జరిగినట్టు, మాకు తోచింది తోచినట్టు రాస్తున్నాము. కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి. మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం, తెలుగు అక్షరాలు దిద్దింది రిటైరైన తరువాతే. తప్పులుంటే సర్దుకోండి.

మన సభ్యుల్లో ఒకరి మనవరాలు ఎం.ఎస్.డబ్ల్యూ. రెండో ఏడు చదువుతా ఉంది. ఆఖరు సెమిస్టరులో ప్రాజెక్టు చేయాల. "మన వాళ్ల గురించే చేస్తాను తాతా, మీరందరూ సాయం చేయాల" అనింది. మాకు ఎంత సంతోషం! కమిటీ మీటింగుకే రమ్మన్నాము. ఆమె తెచ్చిన కాగితం మీద తలకట్టు ఇట్లా ఉంది: "తమిళనాడులో తెలుగు ప్రజలు: చరిత్ర, సంస్కృతి, నేటి సమస్యలు."

చూసి అందరం చప్పట్లు కొట్టినాము. తరువాత ఒక్కొక్కరం మొదలుపెట్టినాము. ఒకరు మదురై తిరుమల నాయకుణ్ణి చేర్చమన్నారు. ఒకరు తంజావూరు రఘునాథ నాయకుణ్ణి, సరస్వతీ మహలులో ఉండే తెలుగు తాళపత్రాలను. త్యాగరాజస్వామి లేకుండా ఎట్లా అని ఇంకొకరు. కోయంబత్తూరులో ఉండి జి.డి. నాయుడు గారి పేరు రాయకపోతే సిగ్గుచేటు అని మరొకరు. 2006 చట్టం వల్ల మన భాషకు జరిగిన అన్యాయం తప్పకుండా ఉండాలని గట్టిగా చెప్పింది మేమే. ఆ పిల్ల అన్నీ నోటుబుక్కులో రాసుకునింది. మొత్తం పదకొండు అంశాలైనాయి. చివరికి పెన్ను మూత పెట్టి మెల్లగా అడిగింది.

"ఇవన్నీ మీకు ముందే తెలుసు కదా తాతా. మరి నేను కనుక్కోవలసింది ఏముంది?"

ఎవరమూ జవాబు చెప్పలేదు. టీ వచ్చింది, తాగి లేచినాము. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగినాయని ఇంటికి పోయే దారిలో మా శ్రీమతి చెప్పేదాకా మాకు తెలియదు.

ఆ రాత్రి మాకు పార్సెల్ ఆఫీసు గుర్తుకొచ్చింది. మేము కాలేజీలో పీయూసీ దాటనివాళ్లం, పరిశోధన గురించి చెప్పే చదువు మాకు లేదు. కానీ ప్రశ్న అంటే ఏమిటో ముప్పై ఏళ్లకు పైగా ఆ కౌంటరు దగ్గర చూసినాము. సరుకు పోయిందని అర్జీ తెచ్చేవాళ్లు రెండు రకాలు. ఒకరు "నా సరుకు పోయింది, రైల్వేలో అందరూ దొంగలే, ఇది న్యాయమా" అని నాలుగు పేజీలు రాసుకొస్తారు. ఆ కాగితంతో ఎవరైనా ఏమి చేయగలరు? ఫైలులో పెడతారు. ఇంకొకరు నాలుగే వరుసలు రాస్తారు. ఏ స్టేషనులో బుక్ చేసింది, ఏ తేదీ, వే బిల్లు నంబరు ఎంత, ఎన్ని కట్టలు పంపితే ఎన్ని చేరినాయి. ఆ కాగితం పట్టుకొని మేము స్టేషను స్టేషనుకీ రాసేవాళ్లం. ఈరోడ్డులో ఎక్కినప్పుడు పది కట్టలు, జోలార్‌పేటలో బండి మార్చినప్పుడు తొమ్మిది అంటే, పోయింది ఎక్కడో తెలిసిపోయినట్టే. ఇద్దరి కోపమూ ఒకటే, ఇద్దరి నష్టమూ ఒకటే. జవాబు దొరికేది మాత్రం రెండో కాగితానికే.

మన సంఘంలో ఇన్నేళ్లుగా మనం రాస్తున్నవన్నీ మొదటి రకం అర్జీలేనని ఆ రాత్రి తోచింది.

మరుసటి ఆదివారం ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. కాలేజీలో గైడు మేడము ఆ తలకట్టును తిప్పి పంపినారంట. "ఇది ప్రశ్న కాదమ్మా, దుకాణం బోర్డు" అన్నారంట. నాలుగు మాటలు అడిగి, వీటికి జవాబు రాసుకొని రమ్మన్నారంట. ఎవరిని అడుగుతావు? ఏమి లెక్క పెడతావు? మూడు నెలల్లో అవుతుందా? జవాబు నీకు ముందే తెలుసా? మాకు ఈ నాలుగూ వే బిల్లు కాలమ్‌ల మాదిరి కనిపించినాయి. ఇద్దరం కూర్చొని నింపడం మొదలుపెట్టినాము.

ముందు మా ప్రశ్ననే పెట్టినాము: "2006 చట్టం వల్ల తెలుగు ఎట్లా నాశనమైంది?" ఆ పిల్ల చూసి నవ్వింది. "తాతా, ఇందులో ప్రశ్న ఏది? నాశనమైందని మీరే చెప్పేసినారు, ఎవరి వల్ల అయిందో కూడా మీరే చెప్పేసినారు. ఎట్లా అనే ఒక్క మాట నాకు వదిలినారు."

మాకు మొదట కోపమే వచ్చింది. ఆ చట్టం సంగతి మీ అందరికీ తెలుసు. 2006-07లో ఒకటో క్లాసులో తమిళం తప్పనిసరి చేసి, ఏడాదికొక క్లాసు చొప్పున ఎక్కించి, 2016 మార్చికి పదో క్లాసు పరీక్ష దాకా తెచ్చినారు. మినహాయింపు కోసం మన పిల్లలు కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. ఆ బాధ నిజం, దాన్ని మేము తగ్గించి చెప్పడం లేదు. అయితే ఆ పిల్ల ఒక మాట అడిగింది: "మీరు ఏ సంవత్సరంలో పదకొండో క్లాసు ముగించినారు తాతా?" ఎస్.ఎస్.ఎల్.సి. పదకొండో క్లాసుగా ఉండిన కాలం మాది. అప్పటికి ఆ చట్టం రావడానికి ఇంకా ముప్పై ఏళ్లుంది. అయినా మేము తెలుగు చదవలేదు. మా ఊళ్లో తెలుగు బడి లేదు, మా నాయన అడగలేదు. మా కొడుకులిద్దరూ ఇంగ్లీషు మీడియం, రెండో భాష హిందీ. అదీ 2006కు ముందే. మరి మా ఇంట్లో కట్ట ఏ స్టేషనులో తగ్గింది?

చట్టం తప్పు చేయలేదని మేము చెప్పడం లేదు. ఎక్కడ ఎంత తగ్గిందో చూడకుండా ఒకే స్టేషను మీద కేసు రాస్తే మిగిలిన స్టేషన్లన్నీ తప్పించుకుంటాయి, అంతే.

అందుకే మా ప్రశ్నను కొట్టేసినాము. తరువాత "తెలుగు" అనే మాట దగ్గరే ఆగిపోయినాము. తెలుగు పోయిందంటే ఏది పోయింది? చదవడమా, రాయడమా, మాట్లాడడమా, వింటే అర్థం చేసుకోవడమా? ఒక్కొక్కటీ ఒక్కొక్క కాలంలో పోతుంది. మనం మీటింగుల్లో 2011 జనాభా లెక్క చెప్పుకొని గర్వపడతాము. తమిళనాడులో 42 లక్షల పైచిలుకు మంది తెలుగు మాతృభాష అని రాయించుకున్నారు, అంటే నూటికి దాదాపు ఆరుగురు. కానీ జనాభా లెక్కలో మాతృభాష అంటే, చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. ఈ రోజు ఆ మనిషి ఏ భాష మాట్లాడుతున్నాడో ఆ కాలమ్ చెప్పదు. 42 లక్షల మందికి తల్లి తెలుగులో జోల పాడింది, సరే. వాళ్లు తమ పిల్లలకు ఏ భాషలో పాడినారు? మనకు తెలియదు. ఇక్కడ మాకు మొదటిసారి "తెలియదు" అనే మాట దొరికింది. ఆ పిల్ల వెంటనే దాని కింద గీత గీసుకునింది.

మంచి ప్రశ్న అక్కడినుంచే మొదలవుతుందని మాకు అర్థమైంది. తెలిసినదాన్ని చాటడానికి పత్రిక ఉంది, మీటింగు ఉంది, ఉగాది సభ ఉంది. ప్రాజెక్టు ఉండేది తెలియనిదానికి.

ఇక చిన్నది చేయడం. 42 లక్షల మందిని ఒక పిల్ల మూడు నెలల్లో అడగలేదు. కోయంబత్తూరు జిల్లా అంతా తిరగలేదు. మన పోత్తనూరు చుట్టుపక్కల, తాత అవ్వ, కొడుకు కోడలు, మనవళ్లు ఒకే కప్పు కింద ఉండే ఇళ్లు మాత్రం తీసుకుంటాననింది. ముప్పై ఇళ్లు చాలు. ఒక్కొక్క ఇంట్లో ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడుతున్నారో రాసుకోవాల. చివరికి ప్రశ్న ఇట్లా తయారైంది: "పోత్తనూరులో మూడు తరాలు కలిసి ఉండే తెలుగు ఇళ్లలో, పెద్దలు తెలుగులో మాట్లాడితే పిల్లలు ఏ వయసులో తెలుగులో జవాబు చెప్పడం మానేస్తున్నారు? బడికి పోవడానికి ముందా, తరువాతనా?"

చూడండి, ఇందులో ఎవరిని అడగాలో ఉంది, ఎక్కడ అడగాలో ఉంది, ఏమి చూడాలో ఉంది. బడికి ముందే మానేస్తే చట్టం మీద నెపం పెట్టలేము. తరువాత మానేస్తే పెట్టవచ్చు. అంటే జవాబు ఎటైనా రావచ్చు. మేము తప్పని తేలవచ్చు, మేమే సరి అని కూడా తేలవచ్చు. ఎటూ రాలేని ప్రశ్న ప్రశ్న కాదు.

మొదటి ఇల్లు మాదే అన్నాము. అడగడంతో సరిపోదు, కూర్చొని వినాలని ఆ పిల్ల అనింది. ఎందుకంటే "మీ ఇంట్లో ఏ భాష" అని అడిగితే మనమందరం "తెలుగే" అంటాము. జనాభా లెక్కవాళ్లకు అట్లే చెప్పినాము, సంఘం ఫారంలో అట్లే రాసినాము. అబద్ధం చెప్పాలని కాదు, అట్లే అనుకుంటాము. రెండు మూడు సార్లు ఊరికే వచ్చి పోయింది. నాలుగోసారి సాయంత్రం ఒక గంట హాలులో ఒక మూల కూర్చొని గీతలు పెట్టుకునింది. మేము మామూలుగా ఉండినాము, టీవీ చూసినాము, మనవడి హోంవర్కు చూసినాము.

గంట తరువాత కాగితం చూపించింది. మేము మనవడితో పద్నాలుగు సార్లు మాట్లాడినాము. అందులో తెలుగు మూడు సార్లు. "టేయ్, సాప్పిడ వాడా" అని పిలిచింది మేమే. వాడు ఆరేళ్లవాడు, వాళ్ల అవ్వ తెలుగులో అడిగితే రెండుసార్లు తెలుగులోనే జవాబు చెప్పినాడు. మాకు తమిళంలో చెప్పినాడు, ఎందుకంటే మేము తమిళంలో అడిగినాము.

సంఘానికి పదిహేనేళ్లుగా చందా కడుతున్నాము. మూడు మహాసభల్లో భాష గురించి తీర్మానం చదివినాము. ఆ కాగితం చూసి నోట మాట రాలేదు.

ఆ పిల్ల మమ్మల్ని ఓదార్చలేదు. తన నోటుబుక్కులో ప్రశ్నను మార్చుకునింది. "పిల్లలు ఎప్పుడు మానేస్తున్నారు" అనేది తప్పు ప్రశ్న తాతా, మానేసేది పిల్లలే అని ముందే అనుకున్నాము అనింది. ఇప్పుడు ఆమె ప్రశ్న: "ఇంట్లో తెలుగునుంచి తమిళానికి ముందు మారేది ఎవరు, పెద్దలా పిల్లలా, ఏ పనులప్పుడు?" తిండి దగ్గరా, చదువు దగ్గరా, తిట్టేటప్పుడా, ముద్దు చేసేటప్పుడా. మొదటి ఇల్లు ప్రశ్నను దిద్దింది. ఇది మేము రైల్వేలో కూడా చూసినాము. మొదటి స్టేషను జవాబు వచ్చిన తరువాతే రెండో ఉత్తరం సరిగా రాయగలము.

ఇప్పుడు కమిటీలో వచ్చిన అభ్యంతరాలు.

మొదటిది: "ఇట్లాంటివి రాస్తే మన పరువు పోతుంది. ఇంట్లోనే మాట్లాడనివాళ్లకు బడిలో తెలుగు ఎందుకని గవర్నమెంటు అడుగుతుంది." ఇది తేలిగ్గా తీసేసే మాట కాదు. చెప్పినవారు మన భాష కోసం ఎంతో తిరిగినవారు. మా జవాబు ఇది. చిన్న పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ లో ఉంది. మన తాతలు ఇంట్లో ఏమి మాట్లాడినారో చూసి ఇచ్చిన హక్కు కాదు అది. హక్కు వేరు, అలవాటు వేరు. హక్కు కోసం పోరాడుతూనే అలవాటు ఎక్కడ జారిపోయిందో వెతకవచ్చు. వెతకకపోతే ఏమవుతుంది? టీచరును అడిగి తెచ్చుకుంటాము, పుస్తకాలు తెచ్చుకుంటాము, క్లాసులో కూర్చోవడానికి పిల్లలు ఉండరు. అప్పుడు పరువు ఇంకా పోతుంది.

రెండోది మాటల్లో రాలేదు, మౌనంగా వచ్చింది. ముప్పై ఇళ్లు ఎట్లా ఎంచాలని ఆ పిల్ల అడిగితే, మన సభ్యుల లిస్టు ఇస్తామన్నాము. ఆమె అడిగింది: "కార్పొరేషన్ క్వార్టర్సులో ఉండేవాళ్లు కూడా ఇంట్లో తెలుగే కదా మాట్లాడేది. వాళ్లు ఈ లిస్టులో ఉన్నారా?" లేరు. అరుంధతీయుల ఇళ్లలో పిల్లలు వీధిలో ఆడుకునేటప్పుడు కూడా తెలుగు మాట్లాడతారని మనలో ఉదయం నడకకు పోయే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఊరంతా శుభ్రం చేసేది వాళ్లు. 2009లో వాళ్లకు 3 శాతం లోపలి రిజర్వేషను వచ్చినప్పుడు తమిళ పేపర్లన్నీ రాసినాయి. మన సంఘం పత్రికలో ఒక్క వరుస రాలేదు, ఆ పత్రిక పని అప్పుడు చూసినవాళ్లలో మేమూ ఉన్నాము. మన లిస్టునుంచే ఇళ్లు తీసుకుంటే వచ్చేది మన లిస్టు జవాబు, ఊరి జవాబు కాదు. తెలుగు బాగా బతికి ఉండే ఇళ్లను వదిలేసి తెలుగు చచ్చిపోయిందని ఏడవడం ఏమి పరిశోధన? ముప్పైలో పది ఇళ్లు అక్కడివి ఉండాలని మేము గట్టిగా చెప్పినాము. "మీరే చెడగొట్టినారు" అని ఫోను వచ్చింది దీని గురించే. చెడగొట్టినామనుకుంటే అట్లే అనుకోండి.

మన పిల్లలు ఇంకా చాలామంది ప్రాజెక్టులు చేయబోతున్నారు. పెద్ద పేర్లు వదిలి చూస్తే మన చుట్టూ ఎన్ని ప్రశ్నలున్నాయో! తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రనుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. అక్కడ ఒక్క బడిని తీసుకొని, ఆ ఏడుకు ముందు పదేళ్లు, తరువాత పదేళ్లు తెలుగు సెక్షనులో ఎంతమంది పిల్లలు చేరినారో రిజిస్టరులో చూడవచ్చు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారి ఊరు. ఆయన మన ఇంటి మాట మాట్లాడినవారు, రాసింది తమిళంలో. "గోపల్ల గ్రామం" నవలలో ఉండే తెలుగు మాటలు ఏరి, అవి ఈ రోజు ఆ ఊరి పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడగవచ్చు. మెలట్టూరు భాగవత మేళంలో తెలుగు నాటకం ఆడేవాళ్లలో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు ఆ మాటలు ఏ లిపిలో రాసుకొని నేర్చుకుంటున్నారు? ఇవన్నీ చిన్నవి. కానీ వీటికి జవాబు ఉంది, పోయి చూస్తే దొరుకుతుంది.

అంత దూరం కూడా అక్కరలేదు. మన ఇళ్లల్లో ట్రంకుపెట్టెలు తెరవండి. పాత పెళ్లి పత్రికలు ఉంటాయి. మా తాత పెళ్లి పత్రిక తెలుగులో ఉంది. మా పెళ్లిది తమిళంలో, పైన ఒక శ్లోకం మాత్రం తెలుగు లిపిలో. మా కొడుకుది ఇంగ్లీషు, తమిళం. యాభై ఇళ్లనుంచి పత్రికలు పోగుచేసి సంవత్సరం వరుసగా పేర్చితే, ఏ పదేళ్లలో తెలుగు పత్రికనుంచి దిగిపోయిందో కంటికి కనిపిస్తుంది. దానికి రూపాయి ఖర్చు లేదు, ఎవరినీ బాధపెట్టే పని లేదు.

కాబట్టి రాబోయే మహాసభలో మేము మూడు మాటలు పెట్టబోతున్నాము. ఒకటి, మన సంఘం ఇచ్చే విద్యార్థి బహుమతి నోటీసులో "మన జాతి ఘనత" అనే మాట తీసేసి, "ఒకే వాక్యంలో ప్రశ్న రాసి పంపండి" అని వేయాల. రెండు, పెద్దలం పిల్లలకు ఇళ్లు చూపించాల, పాత కాగితాలు ఇవ్వాల, మనుషులను పరిచయం చేయాల. జవాబు మాత్రం ముందే చెప్పకూడదు. మూడు, ప్రాజెక్టులో ఏమి తేలినా దాన్ని మహాసభలో పూర్తిగా చదివించాల, మనకు నచ్చినా నచ్చకపోయినా.

ఆ పిల్లకు ఇంకా ఎనిమిది ఇళ్లు కావాల. పేర్లు రాయదు, ఇంటికి ఒక నంబరు మాత్రమే ఉంటుంది. ముందే అడిగి, మీరు సరే అంటేనే వస్తుంది. ఒప్పుకునేవాళ్లు సెక్రటరీ గారికి చెప్పండి. ఒక్క మనవి. ఆమె వచ్చిన రోజు ప్రత్యేకంగా తెలుగు మాట్లాడకండి. రోజూ ఎట్లా మాట్లాడతారో అట్లే మాట్లాడండి.